పాస్‌వర్డ్ అందరిదీ, నింద కొందరిదీ

విశ్వవిద్యాలయాల్లో కులం గురించి మాట్లాడుకొనేటప్పుడు ప్రవేశాల జాబితాలను, నియామకాల రోస్టర్లను, వసతి గృహాలను, మౌఖిక పరీక్షల మార్కులను పరిశీలిస్తాం. అవన్నీ పరిశీలించవలసినవే. అయితే గత ఇరవై ఏళ్లలో చదువు నడిచే చోటే మారిపోయింది. నోటిఫికేషన్, దరఖాస్తు, ఉపకార వేతనం, పరిశోధన పత్రిక, సిద్ధాంత గ్రంథం అన్నీ ఇప్పుడు కంప్యూటరు గుండానే వెళ్లాలి. ఇంట్లో కంప్యూటరు లేని విద్యార్థికి విభాగంలోని ఉమ్మడి కంప్యూటరు ఒక్కటే దారి. దాని ముందు ఎవరు ఎంతసేపు కూర్చుంటారు, దాని పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటుంది, ఏదైనా చెడిపోతే ముందుగా ఎవరిని పిలిచి అడుగుతారు అన్నవి పైకి సాంకేతిక విషయాలుగానే కనిపిస్తాయి. నిజానికి అవి సామాజిక న్యాయానికి సంబంధించిన ప్రశ్నలు.

నా దగ్గర పరిశోధన చేసినవారిలో, చేస్తున్నవారిలో చాలామంది మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీ నుంచి వచ్చినవారు. ఉప్పుగూడ, గౌలిపురా, లాల్‌దర్వాజా, తలాబ్‌కట్ట, చాంద్రాయణగుట్ట వాళ్ల చిరునామాలు. మాల, మాదిగ కుటుంబాల పిల్లలు, రజక, కుమ్మరి కుటుంబాల పిల్లలు, దూదేకుల పిల్లలు, బీసీ-ఇ జాబితాలోని ముస్లిం కుటుంబాల పిల్లలు వారిలో ఉన్నారు. తమ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనుషులు వీళ్లు. రెండు గదుల్లో ఆరేడుగురు సర్దుకొనే ఇళ్లలో చదువుకు విడిగా ఒక బల్ల దొరకడమే గగనం. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కల ప్రకారం దేశంలో కంప్యూటరు ఉన్న కుటుంబాలు 10.7 శాతం మాత్రమే. గ్రామాల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. పట్టణ సగటును చూసి హైదరాబాదు గురించి నిశ్చింత పడేవారు, బంజారాహిల్స్, తలాబ్‌కట్ట రెండూ ఒకే నగరం లెక్కలోకి వస్తాయని గుర్తుంచుకోవాలి.

‘అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా’ అన్న మాట సమావేశాల్లో తరచుగా వినిపిస్తుంది. ఫోనులో పరీక్షా ఫలితం చూడవచ్చు, పాఠం వినవచ్చు. మూడు వందల పుటల సిద్ధాంత గ్రంథానికి పాదసూచికలు పెట్టడం, పట్టికలు వేయడం, నాలుగు ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చడం అరచేతిలో పట్టే తెరమీద అయ్యే పనులు కావు. 2009 నిబంధనల తరువాత పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి అయింది. ఆ ప్రతులు శోధ్‌గంగ భాండాగారానికి చేరుతున్నాయి. 2018 నిబంధనలు వచ్చాక ఏ గ్రంథమైనా ముందుగా సాఫ్ట్‌వేరు చేసే గ్రంథచౌర్య పరీక్షను దాటాలి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం సుమారు 13 వేల అంతర్జాతీయ పత్రికలను 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. ఆ పత్రికల తలుపు తెరుచుకొనేది విద్యాసంస్థ నెట్‌వర్క్ ద్వారా, సంస్థ ఇచ్చే గుర్తింపు ద్వారానే. చందా దేశమంతటికీ కట్టినా, విభాగంలో ఆ తెర ముందు గంటసేపు స్థిమితంగా కూర్చొనే వీలులేని విద్యార్థికి ఆ తలుపు మూసి ఉన్నట్టే.

భాష విషయంలో ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగు లిపికి స్థానం దక్కింది. అయినా మన విభాగాల్లో ఎన్నో పాత పాఠాలు, ప్రశ్నపత్రాలు, గ్రంథాలు ఇంకా అను ఖతుల్లోనే ఉన్నాయి. ఉర్దూవారికి ఇన్‌పేజ్ ఉంది. ఆ సాఫ్ట్‌వేరు విభాగంలో ఏదో ఒక్క కంప్యూటరులోనే ఉంటుంది. ఆ ఒక్కదాని ముందు చోటు దొరకనివారు డీటీపీ దుకాణానికి పోయి పుటకు ఇంత అని చెల్లించి టైపు చేయించుకుంటారు, దిద్దుబాట్లకు మళ్లీ చెల్లిస్తారు. ఆంగ్లంలో రాసే పరిశోధకుడి కన్నా మాతృభాషలో రాసే పరిశోధకుడికి చదువు ఖరీదు కావడం వెనుక ఇటువంటి చిన్న కారణాలు ఉంటాయి. వాటి బరువు ఎవరిమీద పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

నేను చూసిన విభాగాల్లో అమరిక దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక గది, నాలుగైదు కంప్యూటర్లు, అన్నింటికీ కలిపి ఒక ప్రింటరు, అందరూ తెరవగల ఒక షేర్డ్ ఫోల్డరు. లాగిన్ పేరు ఒక్కటే, పాస్‌వర్డూ ఒక్కటే. గది తాళం ఆఫీసులో ఉంటుంది, ఆఫీసు సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. ఎవరు ఎప్పుడు వాడాలో గోడమీద ఒక్క కాగితమూ ఉండదు. ‘మన పిల్లలే కదా, సర్దుకుంటారు’ అంటారు. రాసిపెట్టిన నియమం లేనిచోట రాయని నియమం రాజ్యమేలుతుంది. ఆ రాయని నియమం మన సమాజంలో ఎక్కడి నుంచి వస్తుందో ఈ పుట పాఠకులకు తెలుసు.

లెమ్మని ఎవరూ ఎవరినీ కసరరు. ‘సార్ పని అర్జెంటు, ఒక్క పది నిమిషాలు’ అంటారు. ఆ పది నిమిషాలు మధ్యాహ్నం దాటుతాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థి విభాగానికి వచ్చేది ప్రింటు తీసుకోవడానికే. అతని పని ఎప్పుడూ చిన్నదిగా, అత్యవసరంగా కనిపిస్తుంది. ఇంట్లో ఏదీ లేని విద్యార్థి పని రోజంతా సాగేది గనుక దానిని ఎప్పుడైనా ఆపవచ్చని అందరికీ అనిపిస్తుంది. అవసరం ఎక్కువ ఉన్నవారే కుర్చీ వదలవలసి రావడంలో అన్యాయం ఉందని ఎవరికీ తోచదు.

నేను పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లోనూ ఇదే పద్ధతి. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. అప్పట్లో విభాగానికి ఉన్నవి రెండే కంప్యూటర్లు. శుక్రవారం సాయంత్రం పాస్‌వర్డ్ మార్చేవారు. కొత్త పాస్‌వర్డ్‌ను ఎవరూ ప్రకటించేవారు కాదు, అది మాటమీద ప్రయాణించేది. ఆఫీసువారితో కలిసి టీ తాగేవారికి అప్పుడే తెలిసేది. వారి మిత్రులకు శనివారం తెలిసేది. మాకు సోమవారం మధ్యాహ్నానికి చేరేది. ఆ మూడు రోజుల తేడాలో సెమినారు పత్రాల గడువులు దాటిపోయేవి. మాకు ఎవరూ అడ్డు చెప్పలేదు. స్నేహాలు నడిచిన దారిలోనే పాస్‌వర్డ్ నడిచింది. స్నేహాలు మాత్రం కులాల సరిహద్దులను చూసుకొని నడిచేవి.

ఆలస్యం ఒక బాధ. అంతకన్నా లోతైనది నింద. ఉమ్మడి లాగిన్‌లో ఎవరు ఏ ఫైలు తెరిచారో, ఎవరు తొలగించారో యంత్రం చెప్పదు. దాని దృష్టిలో అందరూ ఒకే మనిషి. ఏదైనా పొరపాటు జరిగినప్పుడు యంత్రం చెప్పని జవాబును మనుషులు ఊహతో నింపుతారు. కొన్నేళ్ల కిందట ఒక విభాగంలో షేర్డ్ ఫోల్డరులోని ముఖ్యమైన ఫైళ్లు కనిపించకుండా పోయాయి. మొదట పిలిపించింది ఇద్దరిని. ఒకరు ఉప్పుగూడ నుంచి వచ్చే మాదిగ విద్యార్థి, మరొకరు తలాబ్‌కట్ట నుంచి వచ్చే ముస్లిం విద్యార్థిని. ‘రోజూ చివరిదాకా ఉండేది మీరిద్దరే కదా’ అన్నది చెప్పిన కారణం. వాళ్లు చివరిదాకా ఉండేది ఇంట్లో కంప్యూటరు లేనందువల్ల. లేమి వారిని ఆ గదిలో కూర్చోబెట్టింది, అక్కడ కూర్చున్నందుకు అనుమానం చుట్టుకుంది. రెండు రోజుల తరువాత ఆ ఫైళ్లు వేరొక ఫోల్డరులో దొరికాయి. సర్దుదామని వాటిని అక్కడికి మార్చినది ఒక అధ్యాపకుడు. దానిని పొరపాటు అన్నారు, నవ్వుకున్నారు. ఆ ఇద్దరికీ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఆ తరువాత ఆ విద్యార్థిని నాలుగింటికే ఇంటికి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. ఆమె పరిశోధన ఎంత వెనుకబడిందో ఏ నివేదికలోనూ నమోదు కాలేదు.

ఉమ్మడి పాస్‌వర్డ్ అసలు స్వభావం ఇదే. వాడుక అందరిది, బాధ్యత ఎవరిదీ కాదు. నింద మాత్రం ముందే అనుమానానికి అలవాటుపడ్డ కొన్ని ఇళ్ల పిల్లలను వెతుక్కుంటూ వస్తుంది.

పాతబస్తీకి ఈ అనుభవం కొత్తది కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత అదుపులోకి తీసుకున్న ముస్లిం యువకుల్లో పలువురు ఆనక నిర్దోషులుగా బయటపడ్డారు. 2011లో కేంద్రం తెచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలు వచ్చినవారి గుర్తింపు పత్రం చూడాలని, వివరాలు రాసుకొని కనీసం ఏడాది దాచాలని, గదుల మధ్య అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించరాదని చెప్పాయి. అంటే అనుమానించడానికి రాజ్యం ప్రతి ఒక్కరి పేరూ విడివిడిగా రాసుకుంటుంది. అదే పిల్లవాడు విశ్వవిద్యాలయానికి వస్తే, అతని నిర్దోషిత్వాన్ని నిరూపించగల విడి లాగిన్ పేరు అతనికి దొరకదు.

ఇది డబ్బుతోనో, అందని సాంకేతికతతోనో ముడిపడ్డ సమస్య అయితే ఓపిక పట్టవచ్చు. ఒకే కంప్యూటరును ఎందరో పంచుకొనే పద్ధతిని అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బాటో బృందం 1961లోనే ప్రదర్శించింది. పంచుకొనేవారిలో ప్రతి ఒక్కరి ఫైళ్లూ విడిగా, భద్రంగా ఉండటానికే అక్కడ పాస్‌వర్డ్ ప్రవేశపెట్టారు. పాస్‌వర్డ్ పుట్టింది విడి మనిషి కోసం. దానిని అందరికీ ఒక్కటిగా చేయడమంటే దాని ప్రయోజనాన్నే తలకిందులు చేయడం. 1969లో మొదలైన యూనిక్స్ వ్యవస్థలో ప్రతి ఫైలుకూ మూడు రకాల మనుషులు ఉంటారు: యజమాని, బృందం, ఇతరులు. ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు అన్నది అక్కడ అక్షరాల్లో కనిపిస్తుంది, కావాలంటే మార్చవచ్చు. మన విభాగాల్లోనూ ఈ మూడు వర్గాలూ ఉన్నాయి. పైకి రాసి ఉండనందువల్ల ‘ఇతరులు’ ఎవరన్నది ఎన్నటికీ మారదు.

ఆ తొలి రోజుల నాటి ఒక కథ కంప్యూటరు చరిత్రకారులు ముచ్చటగా చెప్పుకుంటారు. అలన్ షెర్ అనే పీహెచ్‌డీ పరిశోధకుడికి ఎంఐటీలో వారానికి కేటాయించిన కంప్యూటరు సమయం నాలుగు గంటలు. పనికి అది చాలక, 1962లో అతడు అందరి పాస్‌వర్డ్‌లు ఉన్న ఫైలును ముద్రించుకొని ఇతరుల ఖాతాల్లో పని చేసుకున్నాడు. పాతికేళ్ల తరువాత తానే ఆ సంగతి బయటపెట్టాడు. అది ఇప్పుడు ఒక తమాషా కథ. సమయం చాలక పరిశోధకుడు పడే తహతహను ప్రపంచం అర్థం చేసుకుంది. అదే పని లాల్‌దర్వాజా నుంచి వచ్చిన దళిత పరిశోధకుడు చేస్తే దానిని మనం ఏ పేరుతో పిలుస్తామో, ఏ కమిటీ ముందు నిలబెడతామో ఆలోచించాలి.

షేర్డ్ ఫోల్డరులో మరొక ప్రమాదం ఉంది. ఉపకార వేతనాలకూ ఫీజు రీయింబర్స్‌మెంటుకూ విద్యార్థులు ఈ-పాస్ ద్వారా దరఖాస్తు చేస్తారు. ఆ వివరాలతో విభాగాలు తమ సౌకర్యం కోసం జాబితాలు తయారు చేసుకుంటాయి. పేరు, తండ్రి పేరు, కులం, ఉపకులం, ఆదాయం, బ్యాంకు ఖాతా సంఖ్య అన్నీ వరుస గడుల్లో ఉంటాయి. ఆ ఫైలు అందరూ తెరిచే ఫోల్డరులోనే పడి ఉంటుంది. తోటి విద్యార్థి ఒక్క నొక్కుతో ఎవరిది ఏ కులమో, ఎవరి ఇంటి ఆదాయం ఎంతో చూడగలడు. యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనలు తరగతిలో విద్యార్థుల కులాన్ని మాటతోగాని మరే రూపంలోగాని ప్రకటించడాన్ని, రిజర్వుడు విద్యార్థులని ముద్ర వేయడాన్ని వేధింపుగా పేర్కొన్నాయి. తెరిచిపెట్టిన ఎక్సెల్ ఫైలు ప్రకటన కాదా? 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రూపొందించిన ముసాయిదాలోనూ, 2019లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లులోనూ కులం, తెగ వివరాలను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించారు. 2023లో చట్టం వచ్చేసరికి ఆ ప్రత్యేక వర్గమే లేకుండా పోయింది. చట్టం వదిలేసిన బాధ్యతను విశ్వవిద్యాలయాలైనా తీసుకోవాలి.

ఆ 2012 నిబంధనల్లోనే మరొక అంశం ఉంది. ప్రయోగశాలలోకి రానిచ్చి, పని చేయనివ్వకుండా ఖాళీగా కూర్చోబెట్టడం కూడా వివక్షే అని అవి చెప్పాయి. ప్రవేశం ఇచ్చి పని ఇవ్వకపోవడం మన విద్యాసంస్థలకు ఎంత మామూలు విషయమో ఆ వాక్యం రాసినవారికి తెలిసే ఉండాలి. అయితే కాగితంమీద హక్కుకూ, చేతికి అందే హక్కుకూ మధ్య దూరం మన చరిత్రలో పాతదే. బొంబాయి శాసనమండలి 1923లో ప్రజా జలవనరులను అంటరానివారికి తెరుస్తూ తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చవదార్ చెరువును తెరిచినట్టు ప్రకటించింది. అయినా ఆ నీటిని దోసిట పట్టడానికి 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాదిమందితో నడవవలసి వచ్చింది. తెలుగునేలపై కారంచేడు ఉంది. 1985 జూలైలో అక్కడ జరిగిన ఊచకోతకు ముందున్న గొడవ దళితుల మంచినీటి చెరువు దగ్గర మొదలైంది. ఉమ్మడి వనరు దగ్గరే మన సమాజం తన అసలు ముఖం చూపిస్తుంది. నీళ్లకూ కంప్యూటరుకూ పోలిక ఎక్కువేనని కొందరు అనవచ్చు. ఒకదానిమీద ప్రాణం ఆధారపడి ఉంది, మరొకదానిమీద మొదటితరం చదువు ఆధారపడి ఉంది. తీవ్రతలో తేడా ఉన్నా, కాపలా పద్ధతి ఒక్కటే.

ముందు వచ్చినవారికి ముందు అవకాశం అన్న సూత్రం ఉండగా కులం ప్రసక్తి ఎందుకని కొందరు అడుగుతారు. ముందు రాగలిగేది ఎవరు? మెట్రో రైలు 2018లో ఎంజీబీఎస్ దాకా వచ్చింది. చాంద్రాయణగుట్ట దాకా వెళ్లవలసిన ఏడున్నర కిలోమీటర్ల మార్గం కోసం పాతబస్తీ ఏళ్లుగా ఎదురుచూస్తోంది. బస్సు మారి వచ్చే అమ్మాయి, ఉదయం ఇంటిపని ముగించుకొని వచ్చే అమ్మాయి వరుసలో ఎప్పుడూ వెనుకే ఉంటుంది. ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్ ఇస్తే సరిపోతుందన్నది మరొక వాదన. ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి. కానీ నెట్‌వర్క్, పత్రికలు, ప్రింటరు, నిశ్శబ్దంగా కూర్చొనే చోటు అప్పటికీ ఉమ్మడివిగానే ఉంటాయి. ల్యాప్‌టాప్‌ల పేరుతో ఉమ్మడి ల్యాబులను మూసేస్తే, లేనివారి చేతిలో ఉన్న ఒక్కటీ జారిపోతుంది.

విడి లాగిన్‌లు నిఘాకు దారితీస్తాయన్న భయాన్ని నేను తోసిపుచ్చను. పాతబస్తీ పిల్లలకు ఆ భయం న్యాయమైనది. అందుకే లాగిన్ చరిత్రను ఎవరు చూడవచ్చో, ఎన్ని రోజులు దాచవచ్చో ముందే రాసిపెట్టాలి. విద్యార్థి తన చరిత్రను తాను చూడగలగాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా వచ్చినప్పుడు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ప్రతినిధులున్న కమిటీ సమక్షంలో మాత్రమే ఇతరులు దానిని తెరవాలి. అప్పుడు ఆ నమోదు విద్యార్థి మెడకు ఉచ్చు కాదు, అతని తరఫు సాక్షి అవుతుంది.

మిగిలిన పనులు ఒక్క రూపాయి కొత్త బడ్జెట్ లేకుండానే రేపు ఉదయం మొదలుపెట్టగలిగినవి. ప్రతి పరిశోధక విద్యార్థికీ ప్రవేశం పొందిన రోజునే సొంత లాగిన్ ఇవ్వాలి. వారం మొత్తానికి సమయాల పట్టికను తలుపుమీద అంటించి, సొంత కంప్యూటరు లేనివారికి అందులో మొదటి హక్కు ఇవ్వాలి. ఆ పట్టికను అధ్యాపకుల ‘అర్జెంటు’ పని కూడా దాటకూడదు. కులం, ఆదాయం గడులున్న ఏ ఫైలూ ఉమ్మడి ఫోల్డరులో ఉండకూడదు. తెలుగు, ఉర్దూ యూనికోడ్ టైపింగు సౌకర్యం అన్ని కంప్యూటర్లలో ఉండాలి. ల్యాబును సాయంత్రం ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచాలి.

కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్నాం. తాను సాగు చేసిన భూమిమీద, పండించిన పంటమీద తన హక్కును విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి కాపాడుకున్న రజక స్త్రీ ఆమె. అదే కోఠి పక్కన ఇసామియా బజారులో, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, భాగ్యరెడ్డివర్మ అంటరాని పిల్లల కోసం బడి తెరిచాడు. మూసీ ఒడ్డున ఇంత చరిత్ర ఉన్న నగరంలో, పేర్లు పెట్టుకోవడంతో మన పని పూర్తి కాదు. ఆ పేర్లు విని చదువుకు వచ్చిన పిల్లకు విభాగంలోని కంప్యూటరు తెరమీద తన పేరుతో ఒక ఖాతా ఉండాలి. విద్యార్థి సంఘాలు ఈసారి ఉపకులపతికి ఇచ్చే వినతిపత్రంలో రోస్టరు, హాస్టలు డిమాండ్ల సరసన ఈ డిమాండునూ చేర్చాలి.